నక్క గీసిన మృగరాజు

తొలకరి దగ్గరపడితే ఎర్రగుట్ట అడవిలో అందరిదీ ఒకటే దిగులు, ఈ ఏడు ఎవరి బొరియ మునుగుతుందోనని. నక్క జిత్తయ్యకు ఆ దిగులు మరీ ఎక్కువ. నిరుడు వరదొస్తే పాపం కొమ్మ పట్టుకుని వేలాడాడు. కోతులు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుతాయి.

అలాంటి వేళ సింహం చాటింపు వేయించింది. "నా గుహ గోడ మీద నా బొమ్మ ఎవరు బాగా వేస్తే, గుట్టమీది పొడి గుహ వాళ్లది!"

జిత్తయ్య పుట్టి బుద్ధెరిగి బొమ్మ వేసినవాడు కాదు. వేసేవాళ్ల మీద కన్నేయడం మాత్రం బాగా తెలుసు. ముళ్లపంది ముత్తెమ్మ టేకాకు మీద బొగ్గుతో ఏదో గీస్తుంటే దగ్గరికెళ్లాడు.

"ఏం వదినా, ఇంకా ఆకుల మీదేనా? నేనైతే ఈపాటికి గోడంతా నింపేసేవాణ్ణి."

"నీకేం మరిదీ, చేయి తిరిగినవాడివి! నాకు ముందు తల ఎక్కడో, తోక ఎక్కడో తేలాలి. లేకపోతే తోక దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోతుంది."

ఆవిడ ఎర్రమట్టి కోసం వాగుకు వెళ్లిందో లేదో, పొదచాటున నక్కిన జిత్తయ్య ఆకు నోట కరుచుకుని ఉడాయించాడు.

తీరా చూస్తే తలకో సున్నా, పొట్టకో పెద్ద సున్నా, కాళ్లకు నాలుగు పుల్లలు, మొహం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు. జిత్తయ్య బుర్ర గోక్కున్నాడు. 'గొప్ప పనితనం మనబోటివాళ్లకు ఒక పట్టాన అర్థం కాదులే' అని సర్దిచెప్పుకుని, గీత పొల్లుపోకుండా గోడకెక్కించి రంగులు దట్టంగా పూశాడు.

సింహం వచ్చి చూసింది.

"ఎవర్రా ఇది?"

"తమరే ప్రభూ!"

"ఆ పొట్టేమిటి?"

"రాజ్యమంతా తమరి కడుపులోనే కదా ప్రభూ!"

"పుల్లల్లా ఆ కాళ్లేమిటి?"

"మా కష్టాలు మోసీ మోసీ చిక్కిపోయాయి ప్రభూ!"

"మరి నా మొహాన్ని కొట్టేశావేంరా?"

జిత్తయ్య బొమ్మ వైపు తిరిగి మరో పొగడ్త వెతుక్కున్నాడు. ఇంతలో పైనుంచి కాకి, "రాజుగారా! దిష్టి గుమ్మడికాయ అనుకున్నానే!" అంది. అడవంతా గొల్లుమంది.

ముత్తెమ్మ ముందుకొచ్చి, "పోయిన నా ఆకు మీదివీ ఇవే ప్రభూ" అంది. పక్క గోడ మీద బొగ్గుతో అవే సున్నాలు, అవే పుల్లలు గీసింది. పెద్ద సున్నా చుట్టూ నడుము వంపు తీర్చింది. పుల్లలకు కండ పట్టించింది. మొహం మీది అడ్డగీత వెంబడి కళ్లు కుదిర్చి, జూలు దించింది. ఆ తర్వాత సున్నాలనీ పుల్లలనీ తడి ఆకుతో తుడిచేసి రంగు వేసింది. గోడ మీద సింహం ఇప్పుడో ఇంకాసేపటికో గర్జించేలా ఉంది.

"నీ ఆకు పోతే నాతో చెప్పవేం?" అంది సింహం.

"అది చెరిపేయడానికి గీసుకున్నది ప్రభూ. వాగుకు వెళ్తుంటే పొదచాటున నక్క తోక కనిపిస్తూనే ఉంది. నా చెత్త ఎవరో మోసుకుపోతానంటే నేనెందుకు అడ్డుపడతాను?"

సింహం నక్క వైపు తిరిగింది. "పులిని చూసి వాతలు పెట్టుకున్నది మీ తాతేనట్రా?"

ఆ వారమే వాన దంచికొట్టింది. ముత్తెమ్మ పిల్లలతో పొడి గుహలో వెచ్చగా పడుకుంది. జిత్తయ్య మళ్లీ పాత కొమ్మకే వేలాడుతుంటే పై కొమ్మ మీది కోతి వంగి అడిగింది.

"ఏం బావా, ఈసారైనా కొమ్మ ఎక్కడుందో ముందే గీసి పెట్టుకున్నావా?"

గీసిన గీతను ఎవరైనా ఎత్తుకుపోగలరు. దాన్ని ఎక్కడ చెరపాలో తెలిసిన బుర్రను ఎత్తుకుపోలేరు.