నూకి చెయ్యిచ్చింది

అనగనగా అనే మాట కూడా పుట్టని కాలం. యవనుల ఓడలు మన ఏటి మొగలో లంగరు వేసే రోజులు. ఆ ఒడ్డున నూకి అనే మంత్రసాని ఉండేది.

ఓ యవనుడి పెళ్ళాం ఇక్కడే ప్రసవించింది. పురుడు పోసిన నూకికి అతను ఒక వెండి నాణెం ఇచ్చాడు. ఓ పక్క జడలు చుట్టుకున్న రాణి ముఖం. రెండో పక్క పళ్ళ తట్ట పట్టుకున్న ఆడమనిషి.

"ఈవిడెవరు బాబూ?"

"నమ్మకం. మా దేశంలో మంచి గుణాలని ఇలా ఆడవాళ్ళుగా చెక్కుతారు."

"గుణానికి చేతులుంటాయా!" అని నూకి నవ్వింది. నాణెం మీది ఆవిడకి అక్క అని పేరు పెట్టుకుంది. అప్పటినుంచి నొప్పులు పడే ప్రతి పిల్ల గుప్పిట్లో ఆ నాణెం పెట్టేది. అక్క ఉంటే భయం లేదని ఊరంతా నమ్మింది.

కొన్నాళ్ళకి నూకి కూతురు పైడికి నొప్పులొచ్చాయి. ఒక రోజు కాదు, రెండు కాదు, మూడు రోజులు. పిల్ల డస్సిపోయింది. అక్క చేతిలో ఉందన్న ధైర్యమొక్కటే ప్రాణం నిలుపుతోంది.

సరిగ్గా అప్పుడే రాజుగారికి బుద్ధి పుట్టింది. పట్టపుటేనుగుకి వెండి గంటలు కావాలట! ఏనుగేమన్నా అడిగిందా? యవన వెండంతా పట్టుకు రమ్మన్నాడు. దాస్తే చెయ్యి నరుకుతారు.

పొలిమేరలో డప్పు మోగింది.

"అమ్మా, అక్క ఉందా?"

"ఉందే తల్లీ. గట్టిగా పట్టుకో."

వీధి మొదట్లో డప్పు మోగింది.

"అమ్మా, అక్క ఉందా?"

"ఉందే తల్లీ. గట్టిగా పట్టుకో."

గుమ్మం ముందు డప్పు మోగింది. పురిటిల్లు కాబట్టి భటుడు లోపలికి రాలేదు. బయటినుంచే అరిచాడు.

"ముసలీ! వెండి ఇస్తావా, చెయ్యి ఇస్తావా?"

చెయ్యి పోతే బిడ్డని పట్టేదెవరు? వెండి పోయిందని తెలిస్తే పైడి బతుకుతుందా? నొప్పికీ నొప్పికీ మధ్య పైడి గుప్పిట వదులైంది. కళ్ళు మూసుకునే ఉంది. నూకి నాణెం తీసి గుమ్మం బయటికి విసిరింది. ఖాళీ గుప్పిట్లో తన చిటికెన వేలు పెట్టింది.

"అమ్మా, అక్క ఉందా?"

"ఉందే తల్లీ. గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. వేలెముక పుటుక్కుమంది. నూకి కిక్కురుమనలేదు. రెండో చేత్తో బిడ్డని అందుకుంది.

పైడి గుప్పిట విప్పి చూసుకుంది. అక్క లేదు. వంకర తిరిగిన అమ్మ వేలుంది. పైడి బావురుమంది.

నూకి పోయి ఎన్ని తరాలైందో! ఆ ఏనుగూ లేదు, ఆ గంటలూ లేవు. ఆ పల్లెల్లో నొప్పులు పడే పిల్ల ఇప్పటికీ "అక్క ఉందా?" అనే అడుగుతుంది. పక్కనున్నావిడ చిటికెన వేలందించి "ఉందే తల్లీ" అంటుంది. మిగతా చోట్ల చెయ్యిచ్చారంటే మోసం చేశారని అర్థం. అక్కడ మాత్రం కాన్పు గట్టెక్కితే "నూకి చెయ్యిచ్చింది" అంటారు.