ముప్పై నేతి గిన్నెలు

కుందవరం అనే రాజ్యాన్ని ఒకప్పుడు రణభీమరాజు ఏలేవాడు. ఆయన గుమ్మం దాటాలంటే ముందు బిరుదులన్నీ చదవాలి. అవి పూర్తయ్యేసరికి చదివేవాడికి గొంతు ఎండిపోయేది.

కోట పక్కనే బాటసారుల కోసం రాజుగారి భోజనశాల ఉండేది. వడ్డించడానికి ముప్పై మంది. వాళ్ళకు నెలజీతం కాక, అప్పుడప్పుడు ఈనాం కూడా దొరికేది. ఈనాం అంటే, తృప్తిగా తిన్నవాళ్ళు ఇష్టపడి వడ్డించినవాడి చేతిలో పెట్టే నాణెం అన్నమాట.

ఒకనాడు ఒక వర్తకుడు అలా నాణెం ఇస్తుంటే రాజు మేడ మీంచి చూశాడు.

"ఓహో! అక్కడా పుచ్చుకుని, నా దగ్గరా పుచ్చుకుంటున్నారా? నేటినుంచి జీతాలు బంద్. ఈనాంతోనే బతకమనండి!" అన్నాడు.

సాయంత్రం వరదయ్య అనే వడ్డనవాడు ఆస్థాన విదూషకుడు కూచన దగ్గరకు వచ్చాడు. కూచన మాటకారి, అంతకుమించి ఓపికగా వినేవాడు.

"అయ్యా, ఇరవై ఏళ్ళుగా అన్నం గుండిగ మోస్తున్నాను. ఒక్కరూ కానీ ఇచ్చిన పాపాన పోలేదు. అన్నం వేసేటప్పుడు తలెత్తి చూడరండి. నెయ్యి వచ్చిందంటే మాత్రం తలలన్నీ లేస్తాయి. ఈనాం అంతా ఆ గిన్నె పట్టినవాడికే. ఇంట్లో నలుగురు పిల్లలు. జీతం లేకపోతే ఏం పెట్టను?"

"అయితే నువ్వూ నేతి గిన్నే పట్టు."

"మరి అన్నమో?"

"రాజుగారి ఆజ్ఞలో అన్నం మాట లేదు కదయ్యా! మిగతావాళ్ళకూ ఇదే చెప్పు. ఏమొచ్చినా నేను చూసుకుంటాను."

మూడోనాడు రాజుగారి పుట్టినరోజు. పొరుగు రాజు విందుకు వచ్చాడు. విందు ఆ భోజనశాలలోనే, వడ్డన ఆ ముప్పై మందిదే. విస్తళ్ళు పడ్డాయి. ముప్పై మంది వరసగా వచ్చారు. ముప్పై చేతుల్లోనూ నేతి గిన్నెలే!

మొదటివాడు రాజుగారి విస్తట్లో నెయ్యి పోసి, వంగి దండం పెట్టి, చెయ్యి చాచాడు. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. ఏడోవాడు వచ్చేసరికి నెయ్యి విస్తరి దాటి పట్టుపంచె మీదికి పారింది.

"అన్నం ఏదిరా?" గర్జించాడు రాజు.

"వంటింట్లో ఉందండి, మహాప్రభూ," అన్నాడు వరదయ్య, గిన్నె వదలకుండా.

కూచన లేచాడు. "ప్రభువులు మన్నించాలి. ఈనాంతో బతకమన్నది తమరే. ఈనాం వచ్చేది నేతికి. అందుకే అందరూ నెయ్యే వడ్డిస్తున్నారు. అన్నం వడ్డించినవాడికి తమరెప్పుడైనా ఈనాం ఇచ్చారా?"

రాజు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఒక్కసారీ గుర్తుకు రాలేదు. ఈలోగా పొరుగు రాజు పకపకా నవ్వాడు. తన పంచె వైపు చూసుకున్న రణభీమరాజుకూ నవ్వు ఆగలేదు.

"సరేనయ్యా! జీతం పనికి. అది నేనివ్వాలి. ఈనాం అతిథి సంతోషానికి. అది పుచ్చుకున్నవాడిదే. దాన్ని చూపించి జీతం ఆపేది లేదు. వరదయ్యా, ఇక అన్నం తేవయ్యా, ఆకలి దంచేస్తోంది!"

అని తన మెడలోని ముత్యాల హారం తీసి కూచనకు అందించాడు.

కూచన చెయ్యి చాచబోయి, ఆగాడు.

"ఏమయ్యా?"

"ఏం లేదు మహాప్రభూ. ఇది పుచ్చుకుంటే వచ్చే నెల నా జీతం వస్తుందా?"

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారే.