ఊట నీళ్ళు, ఊరేగింపు గాడిద

ఒకానొక రాజ్యంలో గజకేతు మహారాజని ఒకాయన ఉండేవాడు. మంచివాడే, కాని పట్టిందల్లా ఉడుంపట్టు. కోట వెనక కొండలోంచి వచ్చే ఊట నీళ్ళకు తగ్గని రోగం లేదని ఆయన నమ్మకం. నమ్మితే నమ్మాడు, ఊరుకోవచ్చు కదా! శాసనం వేయించాడు: ‘నలభై రోజులు ఊటలో మునిగినా రోగం తగ్గనివాడికి భక్తి లేనట్టే. వాడికి గుండు గీయించి గాడిద మీద ఊరేగించవలెను.’

ఇంకేముంది! తుమ్ము వస్తే చాలు, జనం ముక్కు మూసుకుని ఇంట్లోకి పరుగు.

ఆ శాసనానికి మొట్టమొదట చిక్కినవాడు రాజుగారి వంటవాడు నాగప్ప. పాపం, నడుం నొప్పికి నలభై రోజులూ మునిగాడు. నొప్పి పోలేదు సరికదా, జలుబు పట్టుకుంది. భటులు సభకు ఈడ్చుకొచ్చారు. వాకిట్లో మంగలి, పక్కనే గాడిద.

“మహాప్రభూ! వచ్చేవారం మావాడి పెళ్ళి. బోడిగుండుతో పీటల మీద ఎలా కూర్చోను? అశుభం కదయ్యా!” అని బావురుమన్నాడు నాగప్ప.

“భక్తి లేనివాడికి పెళ్ళేమిటి, పేరంటమేమిటి? కానివ్వండి!” అన్నాడు రాజు.

అప్పుడు ముద్దన్న లేచాడు. రాజుగారు ఊటలో మునిగేటప్పుడు కిరీటం పట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టున నిలబడడం అతని కొలువు. రాజుగారు ఊటతల్లిని రోజూ ఏమని వేడుకుంటారో అతనికి కంఠతా వచ్చు. నాగప్ప చేతి గారెలు తిని పెరిగిన ఒళ్ళాయె, చూస్తూ ఊరుకోలేకపోయాడు.

“ధర్మం ధర్మమే ప్రభూ. కాని వరసలో ఇతనికంటే ముందు ఇంకొకరున్నారు. పదకొండేళ్ళుగా రోజూ మునుగుతున్నారు, గుణం లేదు.”

“పదకొండేళ్ళా! ఎంత భక్తిహీనుడు! ముందు వాడి సంగతి తేల్చండి. మంగలీ, కత్తి నూరు!”

“మంగలితో పనిలేదు ప్రభూ. గుండు తయారుగానే ఉంది. గాడిదొక్కటే తరువాయి.”

రాజుగారి చేయి దానంతటదే కిరీటం మీదికి పోయింది. ముద్దన్న అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు.

“ఓరి నీ అసాధ్యం కూలా! అంతా విన్నావన్నమాట!”

“కళ్ళు మూసుకోమన్నారు ప్రభూ. చెవుల మాట ఎత్తలేదు.”

రాజు ఫక్కున నవ్వాడు. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, నున్నటి తల నిమురుకుంటూ, “‘తల్లీ, ఒక్క పిలకైనా మొలిపించు’ అని పదకొండేళ్ళు మొరపెట్టుకున్నానయ్యా! నాకంటే భక్తుడెవడున్నాడు? పాపం, ఈ నాగప్పదీ తప్పు లేదులే” అన్నాడు.

శాసనం రద్దయింది. నాగప్పను తైలం మర్దనకు వైద్యుడి దగ్గరికి పంపారు. ముద్దన్న చేతికి బంగారు కడియం తొడిగి, “ఆ గాడిదను కూడా నువ్వే తోలుకుపో నాయనా, దాన్ని చూస్తే నాకు గుండె దడగా ఉంది” అన్నాడు రాజు.

పెళ్ళికి రాజుగారు కిరీటం లేకుండానే వచ్చి, తృప్తిగా పన్నెండు గారెలు తిన్నారు. పందిరి మొత్తానికి గుండు ఒక్కటే, అదీ నాగప్పది కాదు.