వేలికొసన బూడిద

నేతగాడు చౌడప్పకు ఆ ఏడు ఏ కోశానా కలిసిరాలేదు. వానలు మొహం చాటేశాయి. ఊళ్ళో విషజ్వరాలు పడ్డాయి. ఆ జ్వరానికే అతని పెండ్లాం సుంకమ్మ పోయింది. ఇంట్లో ఇక మిగిలింది కళ్ళు కనపడని తల్లి, ఒక గుంటమగ్గం.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే నేతగాళ్ళు వాటిని మొదలంటా కోసెయ్యరు. జానెడు నూలు అట్లాగే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగును ఒక్కో పాత పోగుకు మెలేసి అతుకుతారు. ఆ ఇంట్లో ఆ పని ఎప్పుడూ సుంకమ్మదే. కూనిరాగం తీసుకుంటూ రెండు వేల పోగులు ఇట్టే అతికేసేది మహాతల్లి.

చౌడప్ప చేతులకేమో ఒకటే చెమట. మెలేస్తే జారిపోతుంది, మెలేస్తే జారిపోతుంది. విసుగెత్తి ముళ్ళు వేశాడు. ముడి నేతలో నిలుస్తుందా? దువ్వెనలాంటి అచ్చు పళ్ళలో ఇరుక్కుని గుప్పెడు పోగులు పుటుక్కున తెగాయి. వాటిలో జ్వరం పడకముందు సుంకమ్మ అతికిపెట్టినవీ ఉన్నాయి. అది చూసి అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడ్చి, ఒక తీర్మానానికొచ్చాడు. తల్లిని సత్రం వాళ్ళకు అప్పజెప్పి సన్యాసం పుచ్చుకోవడమే. విసవిసా గుట్టెక్కాడు. గుట్ట మీది గుహలో ఆరని ధుని మంట ముందర ముద్దమ్మవ్వ అనే అవధూత ఉంటుంది. ఐదేళ్ళుగా ఆమే అతనికి గురువు.

"అవ్వా, ఇంక నా వల్ల కాదు. నీ ధునిలో బూడిద నా నుదుటన పెట్టు. ఈడనే పడుంటా."

"ఓస్, అంతేనా! మీయమ్మ తినిందా?"

"పొద్దున గంజి పోసి వచ్చినా."

అవ్వ ధునిలోంచి ఇంత బూడిద తీసి, పాతగుడ్డలో మూటగట్టింది. "పద. మీ ఇంట్లోనే పెడతా."

చౌడప్ప ప్రాణం లేచొచ్చింది. మగ్గం ముందరే దీక్ష ఇస్తుంది గామోసు, మంచిదేలే, దాని పీడా అక్కడికక్కడే వదిలిపోతుంది అనుకున్నాడు. దారి పొడుగునా అవ్వ కంటే పది అడుగులు ముందే నడిచాడు.

ఇల్లు చేరగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని, మగ్గం ముందర కూర్చుని కళ్ళు మూసుకుని నుదురు ఎత్తాడు.

"చెయ్యి చాపు" అంది అవ్వ.

చాపాడు. అవ్వ అతని బొటనవేలి కొసకూ చూపుడువేలి కొసకూ బూడిద అద్ది, ఒక పాత పోగూ ఒక కొత్త పోగూ ఆ వేళ్ళ మధ్య పెట్టింది. "ఊఁ, ఇప్పుడు మెలెయ్యి. జారదు."

చౌడప్పకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "రెండు వేల పైచిలుకు పోగులవ్వా! సుంకమ్మ లేదు. నేనొక్కణ్ణి ఎట్లా చేసేది?"

"నీ చేతిలో ఎన్నుండాయి?"

చౌడప్ప చేతిలోకి చూసుకున్నాడు. "రెండు. పాతదొకటి, కొత్తదొకటి."

"మరి వాటి సంగతి చూడు."

మెలేశాడు. జారింది. మళ్ళీ బూడిద అద్దుకుని మెలేశాడు. లాగి చూస్తే గట్టిగా ఉంది.

"నిలిచిందా నాయనా?" మంచం మీంచి తల్లి అడిగింది.

"నిలిచిందమ్మా."

ముసలామె గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి మగ్గానికి అవతల కూర్చుంది. "పోగులు నేను విడదీసి అందిస్తా. దానికి కళ్ళెందుకు?" అంది.

ఒకటి, ఇంకొకటి. పొద్దు వాలేసరికి నూటికి పైగా అతికాడు. నడుము విరిగిపోతోంది. చెయ్యాల్సింది ఇంకా కొండంత ఉంది. అయినా చౌడప్ప లేవలేదు.

అవ్వ మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

"అవ్వా, మరి నా దీక్ష?" అన్నాడు చౌడప్ప, చేతిలో పోగు వదలకుండానే.

అవ్వ బూడిద మూట మగ్గం పక్కన పెట్టింది.

"ఇది అయిపోతే రా. ఇంకొంచెం ఇస్తా."