కొత్వాలు తలపాగా కింద కట్టు

జయకేతన మహారాజు అంగడి వీధిలో ఊరేగుతుండగా, ఎక్కణ్ణుంచో కల్లు ముంత ఒకటి ఎగిరొచ్చి ఆయన గొడుగుకు తగిలి భళ్ళున పగిలింది. కిరీటం మీంచి కల్లు కారుతుంటే రాజుగారికి ఒళ్ళు మండిపోయింది.

"తాగి తలలు పగలగొట్టుకునే వీధి ఏది? దాన్ని ఖాళీ చేయించండి!"

కొత్వాలు భీమోజి మీసం దువ్వాడు. "గీత వీధి, ప్రభూ! నా చిట్టాలో వంద తాగుడు గొడవలుంటే తొంభై అక్కడివే."

కల్లు గీసేవాళ్ళుండే ఆ గీత వీధికి పెద్ద పోచవ్వ సభలో గొల్లుమంది. "నలభై కొంపలు దొరా! పిల్లాజెల్లతోని ఏడికి పోవాలె?"

ఆస్థాన విదూషకుడు పేరయ్య ముందుకొచ్చాడు. చల్లగా అడిగాడు. "కొత్వాలుగారూ, తమరి ఠాణా ఎక్కడ?"

"గీత వీధి మొగలోనే."

"అంటే తమరి కంటబడ్డవే గొడవలన్నమాట. మరి కోట వెనక వీధిలో?"

"అక్కడ చీమలు కూడా కొట్లాడుకోవు!"

కోట వెనక కల్లు దుకాణం భీమోజి బావమరిదిది. ఆ సంగతి రాజుగారికి తప్ప ఊరందరికీ తెలుసు.

"ప్రభూ, తల పగిలినవాడు కొత్వాలు దగ్గరికి పోతాడా, కట్టు కట్టేవాడి దగ్గరికి పోతాడా? పదిరోజులు గడువివ్వండి, పగిలిన తలల లెక్క తేల్చి గీత వీధి తప్పు లేదని చూపిస్తాను. నా లెక్క తప్పైతే ఆ వీధివాళ్ళతో నేనూ మూటాముల్లె సర్దుకుంటాను."

నగరంలో కట్టు వైద్యుడు సిద్దయ్య ఒక్కడే. పేరయ్య అతనికి మూడు రంగుల గుడ్డలిచ్చాడు. "తాగి దెబ్బ తిన్నవాణ్ణి పేరడక్కు, కొట్టిందెవరని అడక్కు. ఎక్కడ తగిలిందో అడుగు చాలు. గీత వీధైతే ఎరుపు, కోట వెనకైతే పసుపు, ఇంకెక్కడైనా తెలుపు కట్టు. ఈ సంగతి మాత్రం కడుపులో పెట్టుకో."

పదకొండో రోజున దండోరా వేశారు. కట్టున్నవాళ్ళంతా సభకు రావాలి, శిక్ష లేదు, తలకో లడ్డు!

లడ్డు అంటే ఎవరు ఆగుతారు? ఎర్ర కట్లు రెండు, తెల్లవి ఐదు, పసుపువి ముప్పై ఒకటి. పేరయ్య రంగుల గుట్టు విప్పగానే భీమోజి ఎగిరిపడ్డాడు.

"అంతా అబద్ధం! కోట వెనక ఒక్క తలా పగల్లేదు!"

"ఆ మాటే తలపాగా తీసి, రాజుగారి పాదాల దగ్గరుంచి చెప్పండి."

భీమోజి చెయ్యి తలదాకా వెళ్ళి ఆగిపోయింది. రాజుగారు కళ్ళెర్రజేశారు. తలపాగా దిగింది. నడినెత్తిన పసుపు కట్టు!

"మొన్న తమరే చెప్పారు కదండీ," అన్నాడు సిద్దయ్య అమాయకంగా, "బావమరిది దుకాణంలో ముంత తగిలిందని."

రాజుగారు నవ్వాపుకుంటూ అడిగారు. "గీత వీధిలోనూ తాగుతారుగా పేరయ్యా, అక్కడ తలలెందుకు పగలవు?"

"అక్కడ తాటాకు దొప్పల్లో పోస్తారు ప్రభూ, కోట వెనక మట్టి ముంతల్లో. ముంత విసిరితే తల పగులుతుంది. దొప్ప విసిరితే తల తడుస్తుంది, అంతే!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఠాణాను కోట వెనక్కి మార్పించి, నగరమంతటా ముంతలు మాన్పించి, తన చేతి కంకణం తీసి పేరయ్యకు తొడిగారు.

పోచవ్వ కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలోంచి లడ్డు తీసి కొత్వాలు చేతిలో పెట్టింది.

"తిను దొరా. కట్టున్నోళ్ళందరికీ ఇస్తున్రు!"