చారుకి పథ్యం

మా అమ్మమ్మ పుట్టడానికి వెయ్యేళ్ళ ముందు ఒక రాజుగారు ఉండేవారు. పొద్దున్నే ఆయన పొట్ట సభకొస్తే, ఆయన మధ్యాహ్నానికి వచ్చేవారు. ఆయన వంటమనిషి పోలమ్మ చారు కాస్తే పొరుగు రాజ్యంలో తుమ్మేవాళ్ళు!

ఒకనాడు ఆస్థాన వైద్యుడు రేవణభట్టు అరుగుదల మందులన్నిటినీ వర్గాలుగా విడదీస్తూ, ఆ ఊపులో వంటింట్లోకి వచ్చేశాడు.

"జీలకర్ర పైత్యానికి, ఇంగువ వాయువుకి, మిరియం మందాగ్నికి. ఇవన్నీ మందులే! ఇకమీద వైద్యుడు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు" అని పోపులపెట్టె పట్టుకుపోయాడు.

పోపు లేనిదే చారు లేదు. చారు లేనిదే పోలమ్మ కొలువూ లేదు.

మధ్యాహ్నం రాజుగారికి ఉప్పులేని జావ వడ్డించింది. పక్కన కూర్చున్న భట్టుకీ అదే.

"ఇదేమిటే పోలీ?" అని రాజుగారు అరిచిన అరుపుకి కోట పెంకులు ఎగిరి పక్క ఊళ్ళో పడ్డాయి.

"పథ్యం, మారాజా! చారులో వేసేవన్నీ మందులని భట్టుగారే తేల్చారు. తమరిద్దరూ నిన్నటిదాకా కుండలకొద్దీ తాగారు. అంత మందు తాగినవాళ్ళకి జావ కాక ఇంకేం పెట్టను?"

రాజుగారు భట్టు వైపు చూశారు. భట్టు జావ వైపు చూశాడు.

"కల్వంలో పడితే మందు, పోపులో పడితే తిండి!" అంటూ తనే పరుగెత్తి పెట్టె తెచ్చిచ్చాడు.

పాపం, భట్టుదీ ఆకలే కదా! పోలమ్మ ఆయనకి ఒక గరిటె ఎక్కువే పోసింది. ఇద్దరూ చారు జుర్రిన చప్పుడు విని, ఉరుములనుకుని రైతులు నాగళ్ళు కట్టారు.