పక్క బండి తాడు

అనగనగా, ఏటికి పేరు మాత్రం మిగిలి నీళ్ళు మిగలని ఒక ఊరు. ఆ ఊళ్ళో పడవ నడుపుకుని బతికే ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దకోడలు పైడమ్మ, చిన్నకోడలు మాచమ్మ.

పైడమ్మకు ఏం తక్కువ? ఏమీ తక్కువ లేదు. అయినా మాచమ్మ నవ్వితే ఆమెకు కడుపు మండేది. మాచమ్మ పెట్టిన పులుసు బాగుందని ఎవరైనా అంటే, ఆ పూట పైడమ్మకు అన్నం సహించేది కాదు. మాచమ్మకు పెళ్ళినాటి ఎర్రచీర ఒకటుంది. అది దండెం మీద కనబడితే చాలు, పైడమ్మ కళ్ళల్లో కారం పడేది. తన పెట్టె నిండా చీరలే, కానీ ఆమెకు ఆ ఒక్కటే కావాలి. చెప్పండి పిల్లలూ, ఈ రోగానికి మందెక్కడ దొరుకుతుంది?

ఒకనాడు రాజుగారి దండోరా వచ్చింది.

"కొండ అవతల రాజుగారు పెద్ద చెరువు తవ్వించారహో! పున్నమి నాడు చిల్లు లేకుండా, చుక్క నీరు ఊరకుండా చెరువులో దిగిన మొదటి పడవకే అక్కడి రేవు హక్కు!"

రేవు దొరికితే ఆ ఇంటికి ఏడాది పొడుగునా కూడు. దొరక్కపోతే పస్తు. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, ముందే వెళ్ళి చెరువుగట్టున గుడిసెలు వేసుకుంటున్నారు. ఇక పడవలు తోలుకురావలసింది ఆడవాళ్ళే. చెరో చిన్న పడవ, చెరో బండి.

పైడమ్మకు పుట్టింటివారు పంపిన బండి ఉంది. ముందు పలక మీద చెక్కిన చిలకలు, చక్రాలకు ఇత్తడి మువ్వలు. మాచమ్మకు బండి లేదు. ఎండుచేపలు ఇచ్చి, పొలాలకు పెంట తోలే పాత బండి ఒకటి తెచ్చుకుంది.

"పెంటబండి మీద పడవా? చెరువుగట్టున ఈగలు నీకు ఎదురొస్తాయి చెల్లీ" అంది పైడమ్మ.

"కడిగానులే అక్కా. ఇరుసు గట్టిగానే ఉంది" అంది మాచమ్మ.

మాచమ్మ బండిలో గడ్డి మందంగా పరిచి పడవను దాని మీద కూర్చోబెట్టింది. బరువు ఇరుసు మీద పడి, కొంచెం ముందుకే మొగ్గేలా సర్దింది. లంగరు రాయిని, తెడ్లను ముందువైపు పెట్టింది. ముందొక తాడు, వెనకొక తాడు వేసి బిగించింది. ప్రతి కట్టునూ చేత్తో లాగి చూసుకుంది.

పైడమ్మ ఏం చేసిందనుకున్నారు? పడవను ముందుకు జరిపితే చిలకలు కనబడవు. చిలకలు కనబడకపోతే మాచమ్మ కుళ్ళుకోదు. అందుకని పడవను బాగా వెనక్కి తోయించింది. వంటపాత్రలు, చీరల పెట్టె కూడా పడవ వెనక భాగంలోనే పెట్టించింది. ఉన్న ఒక్క తాడుతో పడవను ముందు మాత్రం కట్టి, పున్నమి నాడు పొద్దున్నే బయల్దేరింది.

కొంతదూరం పోయాక ఆమె బండి లాగే ఎర్రమట్టి రంగు పుల్ల ఎద్దు నోరు విప్పింది. ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి. ఎవరూ వినకపోబట్టి తరవాత మానేశాయి.

"అమ్మా, వెనక బరువెక్కువైంది. కాడి పైకి లేచి మా గొంతు నొక్కుతోంది. పడవ కాస్త ముందుకు జరుపు" అంది.

"మాచమ్మ ఎద్దులు నోరెత్తాయా? నీకే వచ్చిందా కష్టం? నడు" అని కసిరింది పైడమ్మ.

మధ్యాహ్నానికి కొండ కింద చలిపందిరి దగ్గర రెండు బండ్లూ ఆగాయి. మాచమ్మ ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి బావి వైపు వెళ్ళింది.

"అమ్మా, ఇంక ఎక్కుడు దారి. వెనక తాడు లేకపోతే పడవ జారుతుంది. ఒక తాడు చూడు" అంది పుల్ల ఎద్దు.

పైడమ్మ తాడు చూసింది. మాచమ్మ బండి వెనకున్న కొబ్బరిపీచు తాడే చూసింది. అటూ ఇటూ చూసి దాన్ని విప్పేసింది. మంచి తాడు, పొడుగైన తాడు. దాంతో తన పడవ కట్టుకోవచ్చు గదా? కట్టుకుంటే మాచమ్మ గుర్తుపడుతుంది. అందుకని చుట్ట చుట్టి తన కింద పెట్టుకుని, దాని మీదే కూర్చుని బండి తోలుకుపోయింది. మాచమ్మ పడవ ఇంక కొండెక్కదని ఆమెకు ఎంత సంతోషమో.

మాచమ్మకు ఒక అలవాటుంది. బండి ఎక్కడ ఆగినా, మళ్ళీ కదిలేముందు కట్లన్నీ చేత్తో తడిమి చూస్తుంది. చూస్తే వెనక తాడు లేదు. చుట్టూ వెతికింది, దొరకలేదు. వేళ మించిపోతోంది. ఆఖరికి మూటలోంచి పెళ్ళినాటి ఎర్రచీర తీసింది. దాన్ని మెలిపెట్టి పడవను వెనక నుంచి బిగించి కట్టింది. మనసు చివుక్కుమంది గానీ ముడి మాత్రం గట్టిగా వేసింది.

కొండ సగం ఎక్కి పైడమ్మ వెనక్కి చూసింది. కింద మాచమ్మ బండి వస్తూనే ఉంది. పడవకు ఎర్రచీర.

"అంత మంచి చీరతో పడవ కట్టుకుంటుందా? దీనికెంత పొగరు" అని పళ్ళు కొరికింది. నిన్నటిదాకా ఆ చీర కట్టుకుందని ఏడుపు, ఇవాళ పడవకు కట్టిందని ఏడుపు.

మళ్ళీ చూడాలనిపించింది. తన పడవే అడ్డొస్తోంది. బండిలోంచి పక్కకు వంగి మరీ చూసింది.

"అమ్మా, పడవ జారుతోంది. వెనక్కి చూడు" అంది పుల్ల ఎద్దు.

"వెనక్కే గదా చూస్తున్నాను" అంది పైడమ్మ.

నిజమే, చూస్తూనే ఉంది. తన పడవను దాటి పక్క బండిని చూస్తోంది.

ముందు కట్టు పుటుక్కున తెగింది. పడవ వెనక్కి జారి బండరాళ్ళ మీద పడి, నిలువునా పగిలింది. ఆ కుదుపుకి పైడమ్మ కింద పడింది. ఆమె కింద దాచిన తాడుచుట్ట దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్ళి, మాచమ్మ ఎద్దుల కాళ్ళ దగ్గర ఆగింది.

మాచమ్మ బండి ఆపి తాడు చేతిలోకి తీసుకుంది. తాడును చూసింది, పగిలిన పడవను చూసింది. తిట్టలేదు.

"అక్కా, ఇంత తాడు దగ్గర పెట్టుకుని నీ పడవ ఎందుకు కట్టుకోలేదు?" అని అడిగింది.

పైడమ్మకు మోచేతులు గీరుకుపోయి మంట పుడుతున్నా, సిగ్గే ఎక్కువ మండింది. దారి మీదే కూర్చుని ఏడ్చింది. మాచమ్మ ఆమెను లేపి, ఖాళీ బండితో తన వెనకే రమ్మంది.

పొద్దు గుంకేలోపు మాచమ్మ పడవ చెరువులో దిగింది. రాజుగారు స్వయంగా పడవలో చెయ్యి పెట్టి తడిమారు. అడుగు పొడిగా ఉంది.

"ఈ పాత బండి మీద, ఆ కొండ దాటి, గీత పడకుండా ఎలా తెచ్చావమ్మా?" అని అడిగారు.

"బండి పాతదే ప్రభూ. కట్లు చూసుకుంటూ వచ్చాను" అంది మాచమ్మ.

రేవు ఆమెకే దక్కింది. అప్పుడు మాచమ్మ చేతులు జోడించింది. "పడవకు తెడ్లు రెండు ప్రభూ. రెండోది మా అక్క పడుతుంది" అంది.

పైడమ్మ తల దించుకునే రెండో తెడ్డు అందుకుంది. ఆ రోజుతో ఆమె అసూయ పూర్తిగా పోయిందా అంటే, అంత తేలిగ్గా పోతుందా? అప్పుడప్పుడు లోపల కాస్త మండేది. అలా మండినప్పుడల్లా రేవు దగ్గరికి వెళ్ళి, కొబ్బరిపీచు తాడుతో గుంజకు కట్టిన పడవ ముడిని మరొకసారి లాగి చూసి వచ్చేది.

పక్కవాళ్ళ కట్టు ఊడాలని చూస్తూ కూర్చునేవారికి, తమ కట్టు తెగే వేళ కనబడదు.